మారు వడ్డన

"నో, థాంక్యూ" అన్నాడు అవినాష్, పొట్ట మీద చెయ్యి వేసుకుని.

మదామ్ ఒడిల్ సరేనని తలూపింది. మీగడా చీజూ ఎర్రగా కాలి ఇంకా పొగలు కక్కుతున్న బంగాళాదుంపల పళ్ళేన్ని బల్ల మీద దించనైనా దించకుండా వంటింట్లోకి తీసుకుపోయింది.

త్రివేణి చేతిలో ఫోర్కు గాల్లోనే ఆగిపోయింది.

"వద్దన్నావేంటి?"

"మర్యాదకి అన్నాను. మళ్ళీ అడుగుతుంది కదా అని..."

"అడగడానికి ఆవిడేమన్నా మీ పెద్దత్తా? సూప్ ఇంకాస్త వెయ్యనా అంటే వద్దన్నావ్. బ్రెడ్ అంటే వద్దన్నావ్. ఇప్పుడు ఇదీ వద్దన్నావ్. అది కూడా ఇద్దరి తరఫునా!"

అవినాష్ వంటింటి తలుపు వైపు ఆశగా చూశాడు. అమెరికాలోని వెర్మాంట్ కొండల్లో ఉన్న ఆ చిన్న హోటల్ని ఫ్రాన్స్‌లోని ఒక పల్లె నుంచి వచ్చిన భార్యాభర్తలు నడుపుతున్నారు. ఆయన వండుతాడు, ఆవిడ వడ్డిస్తుంది. మెనూ కార్డు లేదు, ఆ పూట వండిందే భోజనం. వంటిల్లు కట్టేశారంటే మళ్ళీ పొద్దున్న కాఫీయే. బయట చూస్తే కారు కూడా కనపడనంత మంచు.

"వీసా స్టాంపింగ్‌కి డేట్ దొరకలేదు, ఫ్రాన్స్ ట్రిప్ క్యాన్సిల్ అన్నావ్. సరేనన్నాను" త్రివేణి గొంతు తగ్గించింది. "దాని బదులు పెళ్ళిరోజుకి అచ్చం ఫ్రాన్స్‌లో తిన్నట్టే తినిపిస్తానన్నావ్. అవీ, నేను ఇవాళ ఆకలితో పడుకున్నానో, ఈ పెళ్ళిరోజు నువ్వు జన్మలో మర్చిపోవు."

"ఈసారి ఏం తెచ్చినా యెస్ అంటాను. ఒట్టు."

రకరకాల చీజ్ ముక్కలు పేర్చిన చెక్క పలక వచ్చింది.

"కొంచెం తీసుకుంటారా?" అంది ఒడిల్.

"నో నో, థాంక్యూ."

పుట్టినప్పటి నుంచీ అలవాటైన నోరు. అతను ఆలోచించేలోపే దాని పని అది చేసేసింది. పలక వెళ్ళిపోయింది. త్రివేణి ఈసారి ఫోర్కుని నెమ్మదిగా బల్ల మీద పెట్టేసింది. అవినాష్‌కి అదే ఎక్కువ భయం వేసింది.

ఇంతలో వంటింటి తలుపు తెరుచుకుంది. ఒడిల్ భర్త లూసియాన్ ఏప్రన్‌కి చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డాడు. పెద్దాయన మొహం వాడిపోయి ఉంది.

"ఏది పంపినా వెనక్కొస్తోంది. నా వంట అంత బాగాలేదా?"

ఇక లాభం లేదని త్రివేణి నోరు విప్పింది.

"అయ్యో, వంట అద్భుతం! తప్పంతా ఈయనది. మా తెలుగువాళ్ళకి మొహమాటం ఎక్కువండీ. అడగ్గానే సరే అంటే తిండికి మొహం వాచినట్టు ఉంటుందని ముందు వద్దంటాం. మీరు బతిమాలాలి. అప్పుడూ వద్దంటాం. ఇంకా బతిమాలాలి. అప్పుడు, 'సరే, మీ మాట కాదనలేక' అంటూ తింటాం."

"అంటే వద్దంటే కావాలనా?" కళ్ళు పెద్దవి చేసింది ఒడిల్.

"ఎక్కువసార్లు అంతే."

"పాపం, ఆకలితో ఉన్నవాడికి ఇంత పనా!" అని లూసియాన్ పగలబడి నవ్వి లోపలికి పరిగెత్తాడు.

బంగాళాదుంపలు తిరిగొచ్చాయి. ఒడిల్ సరదాగా నడుం మీద చెయ్యి పెట్టుకుని అడిగింది. అవినాష్ సిగ్గుపడుతూ వద్దన్నాడు. బతిమాలింది. వద్దన్నాడు. గరిటె ఎత్తి బెదిరించింది. "సరే, మీ మాట కాదనలేక" అన్నాడు. ఆ తర్వాత చీజ్ వచ్చింది, యాపిల్ టార్ట్ వచ్చింది, రెండూ మారు వడ్డనతో సహా. త్రివేణి బెల్టు ఒక రంధ్రం వదులు చేసుకుని, ఆ పూట మొదటిసారి మొగుడి వైపు చూసి నవ్వింది.

అవినాష్‌కి కడుపుతో పాటు మనసూ నిండిపోయింది. కుర్చీలోంచి లేస్తూ, మనవాళ్ళు ఎవరింట్లో భోంచేసినా గుమ్మం దగ్గర అనే మాటే అన్నాడు.

"మీరు కూడా ఒకసారి మా ఇంటికి రావాలండీ."

"అబ్బే, వద్దు. మీకెందుకు శ్రమ!" అంది ఒడిల్.

అవినాష్ హమ్మయ్య అనుకున్నాడు. జెర్సీ సిటీలో వాళ్ళది సింగిల్ బెడ్‌రూమ్, హాల్లో ఒక్క సోఫా. కానీ ఒక్కసారి పిలిచి ఊరుకుంటే ఏం బావుంటుంది?

"అలా అనకండి. తప్పకుండా రావాలి."

"లేదు లేదు, హోటల్ వదిలి ఎలా వస్తాం?"

త్రివేణి బల్ల కింద నుంచి అతని కాలు గట్టిగా తొక్కింది. నోరు వింటేగా!

"మీరు రాకపోతే మేం చాలా బాధపడతాం."

ఒడిల్ గుండె మీద చెయ్యి వేసుకుని మొగుడి వైపు చూసింది. ఆయన గంభీరంగా తలూపాడు.

"సరే, మీ మాట కాదనలేక వస్తున్నాం" అంది ఒడిల్. "ఏప్రిల్ నెలంతా మా హోటల్‌కి సెలవే!"