పాత కాపీలు వద్దు

పోచయ్య కథ కాజేయాలంటే ముందు ఆ కంప్యూటరు నోరు మూయించాలని ఆదినారాయణ తేల్చుకున్నాడు.

ఫిల్మ్ నగర్‌లో ఆయన పెద్ద రచయిత. ఎంత పెద్దంటే, సొంతంగా ఒక్క సీను రాసి ఎనిమిదేళ్లయింది. యూసుఫ్‌గూడ నుంచి వచ్చే పోచయ్య పేరుకు టైపిస్టు. సీన్లన్నీ అల్లేది అతనే. కిందటేడు ఆడిన సినిమా మొత్తం పోచయ్యదే. తెర మీద పేరడిగితే, "ఏడో క్లాసులో బడి మానేసినవాడు కథ రాశాడంటే ఎవడు నమ్ముతాడ్రా?" అని నలుగురిలో నవ్వాడు ఆ మహానుభావుడు.

ఇప్పుడు జూబ్లీహిల్స్ నిర్మాత శుక్రవారానికి కొత్త కథ కావాలన్నాడు. లేదంటే వేరే రచయితను చూసుకుంటాడట. ఆదినారాయణ బుర్రలో బూజు తప్ప ఏమీ లేదు. పోచయ్య కంప్యూటర్లో మాత్రం పూర్తయిన కథ ఒకటుంది.

అడ్డల్లా అతను టైపు చేయడానికి వాడే టెక్స్ట్ ఎడిటర్. సేవ్ చేసినప్పుడల్లా పాత కాపీని పక్కన దాచేస్తుంది. ప్రతి కాపీ మీదా టైపు చేసినవాడి పేరూ, తేదీ వేస్తుంది. ఆ సంగతి ఓ రోజు పోచయ్యే కూర్చోబెట్టి మరీ చూపించాడు.

"గీ పాత కాపీలు ఎడిటర్‌తోనే వస్తయి సార్. వద్దనుకుంటే బంద్ జేసుకోవచ్చు."

ఇక ఆగుతాడా పెద్దమనిషి. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వెలగబెడుతున్న మేనల్లుడు సృజన్‌ను రప్పించాడు. పోచయ్య టీకి వెళ్లి వచ్చేలోగా ఆ కుర్రాడు సెట్టింగుల్లో రెండు లైన్లు మార్చి, దాచిన కాపీలన్నీ తుడిచేశాడు.

"రేపు కావాలన్నా రావు మామయ్యా, ఆలోచించుకో."

"రాకూడదనే కదరా నిన్ను పిలిచింది."

శుక్రవారం ఆ కథ ఆదినారాయణ పేరుతో నిర్మాతకు చేరింది. రచయితల సంఘంలో రిజిస్ట్రేషన్‌కూ వెళ్లింది. పోచయ్య ఎప్పటిలాగే వచ్చి టైపు చేసుకుంటున్నాడు. సాక్ష్యం లేనివాడు ఏమంటాడులే అని ఆదినారాయణ మీసం దువ్వుకున్నాడు.

సోమవారం సంఘం కార్యదర్శి శారదాదేవి కబురు పెట్టింది. సంచీ మోయడానికి పోచయ్యను వెంటేసుకుని వెళ్లాడు. ఆవిడ ముందు పాత ఫైలొకటి తెరిచి ఉంది.

"ఇదే కథ, డైలాగులతో సహా, రచయిత్రి రాజ్యలక్ష్మి గారు మూడేళ్ల కిందటే రిజిస్టర్ చేయించారండీ. కథ దొంగిలిస్తే సంఘం కార్డు రద్దు, మీకు తెలియంది కాదు."

ఆదినారాయణ చటుక్కున వెనక్కి తిరిగాడు. పోచయ్య వైపు వేలు చూపించాడు.

"నాది కాదండీ. ఇది రాసింది వీడు."

"ఏడో తరగతిల బడి బంద్ జేసినోణ్ణి, నేనేం కథ రాస్త మేడమ్? నా పేరు ఏడన్న ఉంటే సూపెట్టమనుండ్రి," అన్నాడు, మూడేళ్ల కిందట రాజ్యలక్ష్మి చెబుతుంటే ఆ కథను టైపు చేసిన పోచయ్య.