ఖాళీ తాయెత్తు

తన దొంగ సరుకుకి ఎవరో దొంగ సరుకు కుడుతున్నారని తెలిసేసరికి బూబుసారాకి ఒళ్లు మండిపోయింది.

బిష్కెక్ శివార్లలో రేకుల షెడ్డు ఆమెది. పద్నాలుగు మిషన్లు, పద్నాలుగు మంది ఆడవాళ్లు. కుట్టేవి గౌన్లు. కిర్గిజ్ పేరు పెట్టి అమ్మినన్నాళ్లూ బజార్లో వాటి మొహం చూసినవాడు లేడు. ఒకరోజు మాకరోనీ పొట్లం మీద ఫియొరెల్లా అన్న పేరు కనిపించింది. దానికి ముందు డొన్నా, వెనక మిలానో తగిలించి, పట్టీలు అచ్చు వేయించి, అవే గౌన్ల మెడల వెనక కుట్టించింది. అంతే, రష్యా నుంచి వచ్చే వ్యాపారులు మూటలకు మూటలు ఎత్తుకుపోయారు. డొన్నా ఫియొరెల్లా అనే మహాతల్లి ఈ భూమ్మీద పుట్టనే లేదన్న సంగతి ఎవరికీ పట్టలేదు.

ఇంకో విశేషం కూడా ఉంది. షెడ్డులోని ఆడవాళ్లు ప్రతి గౌను అంచు లోపలా ఎర్రగుడ్డతో చిన్న ముక్కోణపు తాయెత్తు కుట్టేవారు. దిష్టి పోవడానికి పొగ వేస్తామే, ఆ అర్చా ఆకు రవ్వంత అందులో పెట్టేవారు. వేసుకున్నవాళ్లు చల్లగా ఉండాలని వాళ్ల తాపత్రయం. నోవోసిబిర్స్క్‌లో కొనే రష్యావాళ్లు మాత్రం అది ఇటలీ కంపెనీ ముద్ర అనుకున్నారు. అనుకోనీలే అని బూబుసారా ఊరుకుంది.

ఆ రోజు, ఆమె దగ్గర అందరికంటే ఎక్కువ సరుకు కొనే జినైదా వచ్చి ఒక గౌను బల్ల మీద పడేసింది.

"ఇదిగో, నీ ఫియొరెల్లాయే. దామీరా సగం ధరకే ఇస్తోంది. ఎర్ర ముక్కోణం కూడా ఉంది చూడు. నువ్వూ ఆ ధరకి ఇవ్వకపోతే వచ్చే వారం నుంచి అక్కడే కొంటా, ఏమనుకోకు."

జినైదా పోతే షెడ్డుకి తాళం పడుతుంది. పద్నాలుగు మందీ ఇళ్లకి పోతారు.

గౌను తిరగేసి చూసింది. కుట్లు వంకర. దారాలు వేలాడుతున్నాయి. లోపలి గుడ్డ దోమతెరలా ఉంది.

"ఏ మొద్దు చేతులు కుట్టాయే దీన్ని! మావాళ్లు మొదటిరోజు మిషనెక్కినా ఇంతకంటే నయం" అంటూ తాయెత్తు విప్పింది. లోపల ఏమీ లేదు. బూబుసారా చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది.

దామీరా రెండేళ్లు ఈ షెడ్డులోనే గుడ్డ కత్తిరించింది. నిరుడు వెళ్లిపోయి, బజార్లో సొంతంగా కంటెయినర్ దుకాణం పెట్టుకుంది. ఇంక అనుమానం ఏముంది?

నకిలీ సరుకులు పట్టుకునే ఆఫీసులో ఇన్‌స్పెక్టర్ ఎర్కిన్‌బెక్ ఆమె మాట శ్రద్ధగా విన్నాడు. అతని చేతికున్న స్విస్ గడియారం అరగంట వెనక నడుస్తోంది.

"ఈ కంపెనీకి మీరేమవుతారక్కా?"

"ఇక్కడి ఏజెంటుని. సరుకంతా మిలానో నుంచే దిగుతుంది."

"కాగితాలు?"

"ఇటలీలో ఉన్నాయి తమ్ముడూ. ఇవాళ రేపట్లో వచ్చేస్తాయి."

"వచ్చినప్పుడే ఇద్దురుగాని. కానీ అసలుకీ నకిలీకీ తేడా ఏమిటో ఫిర్యాదులో రాయాలి. లేకపోతే అక్కడికి పోయి నేనేం పట్టుకోను?"

బూబుసారా కలం కొరుకుతూ ఆలోచించింది. కుట్టు గురించి రాస్తే, నీకెలా తెలుసు అంటాడు. అర్చా ఆకు గురించి రాస్తే, ఇటలీవాళ్లకి అర్చా ఏమిటంటాడు. చివరికి ఎటూ దొరక్కుండా దిట్టంగా రాసి సంతకం పెట్టింది. "మిలానోలో కుట్టినదే అసలు. ఇంకెక్కడ కుట్టినా నకిలీ. అలాంటివి కుట్టేవారి షెడ్డుకి సీలు వేసి మిషన్లు జప్తు చేయవలెను."

"భలే రాశారు" అన్నాడు ఎర్కిన్‌బెక్. "మా ఆవిడకి ఒక గౌను పంపండి. అసలుదే సుమా."

పంపింది.

మర్నాడు ఇద్దరూ దామీరా కంటెయినర్ మీద పడ్డారు. చుట్టుపక్కల దుకాణాలవాళ్లంతా పని మానుకుని గుమిగూడారు.

"నా షెడ్డులో కత్తెర పట్టడం నేర్చుకుని నా నోటి దగ్గర కూడే లాగేస్తావటే!" అంది బూబుసారా.

"నాకు మిషనే లేదక్కా! మూటలు కొంటా, అమ్ముతా, అంతే. రొట్టె మీద ఒట్టు!" చాయ్ గిన్నె పక్కనున్న రొట్టెని దామీరా రెండు చేతులా ఎత్తి నుదుటికి తాకించింది.

"రొట్టెని ఇందులోకి లాగకు. ఖాళీ తాయెత్తు కుట్టేదానికి రొట్టంటే భయముంటుందా?"

దామీరా రొట్టెని కిందికి దించింది.

"ఖాళీదా? మన ఆడవాళ్లెవరైనా ఖాళీ తాయెత్తు కుడతారా అక్కా? చేతులెలా వస్తాయి?"

బూబుసారా ఆ ఖాళీ ముక్కోణాన్ని తలుచుకుంది. నిజమే. ఎంత గజదొంగ అయినా మన ఊళ్లో ఆ పని చేయదు. మరి అది తాయెత్తని కూడా తెలియకుండా కుట్టినవాళ్లెవరు?

ఈలోగా ఎర్కిన్‌బెక్ ఒక మూట విప్పి, లోపలున్న కస్టమ్స్ కాగితం తీసి చదివాడు. దాని మీది ముద్రని వెలుతురుకి పట్టి చూశాడు. తర్వాత ఆ మూటని ఎంతో మర్యాదగా మళ్లీ కట్టేశాడు. జేబులోంచి బూబుసారా ఫిర్యాదు తీసి, అక్షరాల కింద వేలు పెట్టుకుంటూ మొదటి నుంచీ చదువుకున్నాడు.

"ఇందాక 'నా షెడ్డు' అన్నారు. దాని తాళాలు ఎవరి దగ్గరున్నాయక్కా?"

"నా షెడ్డుతో నీకేం పని? ముందు ఈ దొంగ సరుకు సంగతి చూడు!"

"చూశానక్కా" అన్నాడతను ఫిర్యాదు మడతపెడుతూ. "ఈ సరుకు నిజంగానే మిలానో నుంచి వచ్చింది."