నాటకం పీరియడు

“ఆ పెట్టె కట్టెయ్యమ్మా!”

సుబ్రహ్మణ్యం గుమ్మంలో నిలబడి అరిచిన అరుపుకి క్లాసులో నలభై మందీ ఉలిక్కిపడి కళ్లు తెరిచారు. అప్పటిదాకా అందరూ కళ్లు మూసుకుని, బల్ల మీదున్న స్పీకరు ముందు బుద్ధిగా కూర్చున్నారు.

“కళ్లు మూసుకుని కూర్చోడానికి ఇది పాఠమా, భజనా?” అన్నాడు.

“ఆడియో సార్. పాత ఇంగ్లీషు పద్యం. లండన్‌లో ఒక నటుడు చదివింది. ముందు విననివ్వండి, తర్వాత పుస్తకం తీయిస్తాను” అంది మేధ. ఆవిడ కాలేజీలో చేరి ఆర్నెల్లయింది.

“చదివి చెప్పడానికి నీకు నోరు లేదా? జీతం నీకా, స్పీకరుకా?”

పిల్లలు తలలు దించుకుని నవ్వారు. మేధ మొహం కందగడ్డ అయిపోయింది.

ఫిలింనగర్ దిగువన ఉన్న ఆ డిగ్రీ కాలేజీలో సుబ్రహ్మణ్యం ముప్పయ్యేళ్లుగా ఇంగ్లీషు నాటకం చెబుతున్నాడు. ఒక చేతిలో పుస్తకం, ఒక చేతిలో సుద్దముక్క. ఆయన రాజై గర్జించాడంటే రోడ్డు మీద ఆటోవాళ్లు తల తిప్పి చూడాల్సిందే. వెనక బెంచీలోంచి డౌటు అడిగితే ఒప్పుకోడు. “ఎదరకి రా. నా మొహం చూసి అడుగు” అంటాడు. యంత్రాలంటే మాత్రం మంట. సెల్‌ఫోను ఉంది గానీ దాంట్లో మాట్లాడిన పాపాన పోలేదు. ఏదున్నా మెసేజ్ పెట్టమంటాడు.

మేధ వచ్చాక పిల్లలంతా ఆవిడ క్లాసుకే ఎగబడ్డారు. ప్రిన్సిపాల్ జగదాంబ ఒకరోజు సుబ్రహ్మణ్యాన్ని పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టుకుని చల్లగా చెప్పింది.

“వచ్చే ఏడాది నుంచి నాటకం కూడా మేధకే ఇద్దామనుకుంటున్నానండీ. మీకు సర్వీసు ఇంకా రెండేళ్లేగా? లైబ్రరీ చూసుకుందురుగాని.”

“లైబ్రరీలో బూజు దులపమంటారా నన్ను?” బల్ల మీద గుద్దాడు. నాటకం పీరియడు పోతే ఇక ఆ కాలేజీలో తనకంటూ ఏమీ మిగలదు.

“కోప్పడకండి. మీరు చెప్పే నాటకాన్నే పిల్లలతో వీడియో తీయించిందట. శుక్రవారం చూద్దాం. చూశాక మీరు తప్పు పట్టగలిగితే పీరియడు మీదే. లేదంటే ఆవిడది.”

శుక్రవారం వీడియో గదిలో కర్టెన్లు వేసేశారు. ముందు వరసలో భువన కూర్చుంది. రాణి వేషం వేసింది ఆ పిల్లే. వాళ్ల నాన్న కృష్ణానగర్‌లో సినిమా వేషాలు కిరాయికిచ్చే కొట్లో పనిచేస్తాడు.

“కిరీటాలు మా నాయిన తెచ్చిండు సార్” అంది మురిసిపోతూ.

“సినిమా కిరీటం పెట్టుకుంటే ఇంగ్లీషు వచ్చేస్తుందా?”

“ఉత్త పుస్తకం పట్టుకుంటే వస్తదా సార్ మరి?”

సుబ్రహ్మణ్యం పళ్లు నూరాడు. ఇంత మాట అనడం ఆ పిల్లకి ఎవరు నేర్పారో ఆయనకి తెలుసు.

ఆ నేర్పినావిడ అటు తిరిగి, లాప్‌టాప్ మీదికి వంగి వైర్లు సర్దుతూ ఏదో సంజాయిషీ చెప్పుకుంటోంది. జగదాంబ తలూపింది. ముందే సంజాయిషీలు మొదలయ్యాయంటే సరుకు ఎలాంటిదో తెలుస్తూనే ఉంది అనుకున్నాడు. లైట్లు ఆరిపోయాయి.

తెర మీద ఫిలింనగర్ బండరాళ్లు. వాటి మీద కిరీటం పెట్టుకున్న రాజు. పక్కన భువన. ఆ పిల్ల నోరు విప్పగానే సుబ్రహ్మణ్యం కుర్చీలో ముందుకి వంగాడు. ముప్పయ్యేళ్లుగా తను చెప్పిన మాటలే ఆ పెదాల మీద కదులుతున్నాయి. ఒక్క పదం జారలేదు. ఒక్క పాదం తప్పలేదు. కళ్లలో ఆ పొగరు, ఆ భయం, అంతా తను చెప్పినట్టే ఉంది. మరో చోటైతే లేచి ఆ పిల్ల భుజం తట్టేవాడు.

ఇక్కడ తడితే పీరియడు పోతుంది.

మాటల్లో తప్పు దొరకలేదు. వేషాల్లో దొరకలేదు. ఇంతలో యుద్ధం సీను వచ్చింది. నలుగురు కుర్రాళ్లు బండల మీద నిలబడి డప్పులు బాదుతున్నారు. సుబ్రహ్మణ్యానికి ఊపిరి వచ్చింది. దిగ్గున లేచాడు.

“ఆపండి! ఆపమంటుంటే!”

మేధ కంగారుగా లైట్లు వేసింది.

“ఏంటా డప్పులు? ఇది ఇంగ్లీషు యుద్ధమా, బోరబండ బోనాల ఊరేగింపా? రాజు గొంతులో కప్ప కూర్చుంది. రాణి కుళాయి దగ్గర తగువుకొచ్చినట్టు కేకలేస్తోంది. వెనకాల ఆ మ్యూజిక్కొకటి! మేడమ్, నాటకమంటే మాట. ఈ హోరులో మాటెక్కడ వినపడి చచ్చింది? నా చెవులు చిల్లులు పడుతున్నాయి. దీన్ని పాఠమంటే నేను ఒప్పుకోను!”

ఎవరి పెదవీ కదల్లేదు. జగదాంబ కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుంది. మేధ ఆయన్నే చూస్తూ ఉండిపోయింది.

గెలిచాననుకున్నాడు సుబ్రహ్మణ్యం.

“ఏమ్మా మేధా, ఇప్పుడు చెప్పు. జవాబు లేదా?”

ముందు వరసలోంచి భువన లేచి ఆయన వైపు తిరిగింది. అప్పటిదాకా ఉన్న పొగరు ఆ మొహంలో లేదు.

“సార్... మేడమ్ ముందుగాలనే చెప్పింది కద సార్, డబ్బింగు ఆదివారం పెట్టుకున్నం, దీన్ల ఇంకా అసలు సప్పుడే లేదు.”