మిగిలిన స్క్రూ

“చదువు. గట్టిగా చదువు. నేనూ వినాలిగా,” అన్నారు పెద్దసారు.

డిజైనర్ ఫోన్ తీసి చదవడం మొదలుపెట్టింది. కంపెనీ కొత్త మదర్‌బోర్డు ఫొటోలు బయటపెట్టి నాలుగు రోజులైంది. అది తన చేత్తో గీసిన బోర్డు. కంప్యూటర్లను సొంతంగా బిగించుకునే పిచ్చివాళ్లు ఇంతమంది ఉన్నారని, వాళ్లందరికీ ఇంత పెద్ద నోళ్లున్నాయని ఈ నాలుగు రోజుల్లోనే తెలిసొచ్చింది.

“‘అరచేతిలో పట్టే బోర్డన్నారు. అరచేతిలో వైకుంఠం చూపించారు.’”

“తర్వాత?”

“‘ఆ మూలనున్న ఫ్యాను ప్లగ్గు పీకడానికి ఒక పళ్ల డాక్టర్ని కూడా పెట్టెలో పెట్టి పంపండి.’”

“తర్వాత?”

“‘పిట్ట కొంచెం కూత ఘనం అనుకున్నాం. కూతా కొంచెమే.’”

పెద్దసారు కణతలు నొక్కుకున్నారు. “ఆయనేమన్నాడో చదువు.”

ఆయనంటే ‘మిగిలిన స్క్రూ’. ఏ యంత్రాన్ని విప్పి మళ్లీ బిగించినా చివరికి ఒక స్క్రూ మిగిలిపోతుంది కదా, ఆ పేరు పెట్టుకుని వెబ్‌సైట్లో రాసే శాల్తీ. ఊరూ పేరూ ఎవరికీ తెలియవు. స్క్రూ గనక ‘రాసింది’ అనడమే న్యాయం. పెద్దసారు మాత్రం మొదటిరోజు నుంచీ ‘ఆయన’ అనే అంటున్నారు.

స్క్రూ రాసింది ఇది: ‘బోర్డును కుదించాలన్న ఆత్రంలో మెమరీ దూర్చే స్లాటును బోర్డు అడుగున పెట్టారు. ఇక మెమరీ మార్చాలంటే బోర్డు మొత్తం ఊడదీయాలి. అలమరలో చొక్కా కోసం వెనక గోడ పగలగొట్టినట్టుంది. స్లాటును పైకి తెచ్చి, అంచు వెంబడి ఏటవాలుగా పడుకోబెట్టండి. సైజు వెంట్రుకవాసి కూడా పెరగదు.’ కింద కొలతలతో సహా బొమ్మ కూడా గీసి పెట్టింది. నలభై వేలమంది శభాష్ అన్నారు.

“చూశావా! మనిషంటే అలా ఉండాలి,” అన్నారు పెద్దసారు.

“స్లాటు అడుగున వద్దని మూడు నెలల కిందటే మొత్తుకున్నాను సార్. అప్పుడు నా కాగితం మీద మీరు టీ కప్పు పెట్టారు.”

“మొత్తుకోలేదన్నానా? నువ్వొక్కదానివే మొత్తుకున్నావు. ఆయన నలభై వేలమంది మొత్తుకునేలా చేశాడు. తేడా తెలుస్తోందా?”

ఆమెకు ఒళ్లు మండిపోయింది. పన్నెండేళ్లుగా ఇదే గదిలో, ఇదే కుర్చీ ముందు నిలబడి చెబుతోంది. అంగుళం తగ్గించమంటే తగ్గించింది. అడుగున పెట్టమంటే ఏడుస్తూనే పెట్టింది. ఇప్పుడు తిట్లన్నీ తన బోర్డుకి, మెప్పంతా ఊరూ పేరూ లేని స్క్రూకి. పెరటిచెట్టు మందుకు పనికిరాదని పెద్దలు ఊరికే అనలేదు.

“శుక్రవారం బోర్డు ఫ్యాక్టరీకి వెళ్లాలి. స్లాటు పైకి తెచ్చెయ్. అచ్చం ఆయన గీసినట్టే. నీ తెలివి వాడకు.”

“అలాగే సార్.”

“ఇంకోమాట. సోమవారం నుంచి నువ్వు కింద ఫిర్యాదుల విభాగంలో కూర్చో. చీఫ్ డిజైనర్ సీటు ఆయనకిస్తున్నాను. ఇందాకే ఆ వెబ్‌సైట్లోనే ఉత్తరం పెట్టాను.”

ఫిర్యాదుల విభాగమంటే కిటికీ లేని గది, మోగడం ఆపని ఆరు ఫోన్లు. అక్కడికి దిగినవాళ్లెవరూ మళ్లీ పైకి వచ్చి పెన్సిల్ పట్టింది లేదు.

“ఎవరో, ఏమిటో తెలియకుండానే ఇచ్చేస్తారా సార్?”

“మనిషితో నాకేం పని? పనితనం చూశాను. అలాంటివాడు ఒక్కడు ఈ ఆఫీసులో ఉండుంటే మనకీ గతి పట్టేదా?”

ఇంక అక్కడ నిలబడితే ఏదో ఒకటి అనేసేలా ఉంది. తలుపు కొంచెం గట్టిగానే వేసి వచ్చేసింది.

ఆ మధ్యాహ్నమే స్లాటును పైకి తెచ్చి, ఏటవాలుగా పడుకోబెట్టి, స్క్రూ చెప్పిన కొలతల్లో మిల్లీమీటరు తేడా లేకుండా గీసిచ్చింది. గంట కూడా పట్టలేదు. మూడు నెలల కింద ఆ గంట ఇచ్చి ఉంటే ఇంత రభస ఉండేది కాదు. ఆ కోపంతోనే సొరుగులు లాగి, సామానంతా అట్టపెట్టెలో పడేయడం మొదలుపెట్టింది. స్కేళ్లు, భూతద్దం, అరిగిపోయిన స్క్రూడ్రైవర్లు, తను గీసిన మొదటి బోర్డు.

సోల్డరింగ్ చేసే పెద్దాయన కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని వచ్చాడు. ఆఫీసంతా ఆయన్ని బాబాయ్ అనే పిలుస్తుంది.

“విన్నది నిజమేనా అమ్మాయ్?”

“నిజమే బాబాయ్.”

“ఇదెక్కడి అన్యాయం! ఆ స్క్రూగాడెవడో కనబడనీ, వాడి తల తిప్పేస్తాను.”

పొద్దుటి నుంచీ రాని నవ్వు ఆమెకు అప్పుడొచ్చింది. “వద్దు బాబాయ్. దాని తల ఇప్పటికే తిరుగుతోంది.”

“నీ సీటు లాక్కున్నవాడి మీద జాలేమిటమ్మా? మరీ మెతకదానివి!” బాబాయ్ విసుక్కుంటూ వెళ్లిపోయాడు.

ఆమె కుర్చీలో కూలబడింది. పన్నెండేళ్ల కిందట తన ఎత్తుకి సరిచేసుకున్న కుర్చీ అది. అట్టపెట్టెను ఒళ్లో పెట్టుకుంది.

తర్వాత ఫోన్ తీసి, పెద్దసారు పెట్టిన ఉత్తరం కింద జవాబు రాసింది: ‘సోమవారం వచ్చి చేరతాను, కుర్చీ ఎత్తు మార్చనక్కర్లేదు, నాకు సరిపోతుంది... ఇట్లు, మిగిలిన స్క్రూ.’