చాంద్‌బీ పెట్టిన షరతు

“ఆ బండిని మీరే స్టాండు మీదకి ఎత్తండి. ఎవురూ చెయ్యి వెయ్యకూడదు. ఎత్తగలిగితే ఉంచుకోండి. ఇంక నేను నోరెత్తను” అంది చాంద్‌బీ.

అబ్దుల్ రజాక్ భార్య వైపు చూశాడు. ముంగిట్లో బుల్లెట్టు మోటారు సైకిలు పక్క స్టాండు మీద ఒరిగి ఉంది. దాన్ని కొనడానికి బుచ్చిరెడ్డిపాలెం నుంచి వచ్చిన క్రీస్తుదాసు టీ గ్లాసు కేసి చూస్తూ కూర్చున్నాడు.

“అమ్ముతానని దాసుకి మాటిచ్చినా గదా. ఇప్పుడు ఇదంతా ఎందుకు?” అన్నాడు రజాక్.

“ఎందుకు అమ్ముతుండారు? నేను భయపడతా ఉండాననే గదా! నాకోసం అమ్మినారంటే, ఎండలో బస్సు కోసం నిలబడినప్పుడల్లా మీరు పైకి అనకపోయినా మనసులో నన్నే అనుకుంటారు. ఆ ఉసురు నాకొద్దు. ఒంట్లో బలం ఉంటే తోలుకోండి. లేదంటే అమ్మండి. ఆ సంగతి బండే తేల్చాల.”

ఆమె భయం ఊరికే వచ్చింది కాదు. బట్టల మూటలు కట్టుకుని కావలి నుంచి చిట్టమూరు దాకా ఆ బండి మీదే తిరిగే రజాక్, పోయిన వానల్లో కోవూరు దగ్గర జారిపడ్డాడు. కుడి భుజం విరిగి నెలల తరబడి మంచం మీద ఉన్నాడు. అప్పటి నుంచి వీధిలో ఏ మోటారు చప్పుడు విన్నా చాంద్‌బీ చేతిలో పని వదిలేసి గడపలోకి పరుగెత్తేది. నిద్రలో ఉలిక్కిపడి లేచి మొగుడి భుజం తడిమి చూసుకునేది.

రజాక్ చొక్కా చేతులు మడుచుకున్నాడు. బండిని నిటారుగా నిలబెట్టి, ఎడమ చేత్తో హ్యాండిలు, కుడి చేత్తో సీటు కింది కమ్మీ పట్టుకున్నాడు. సెంటర్ స్టాండు కాళ్లు రెండూ నేలకు ఆనేలా పాదంతో నొక్కి బండిని వెనక్కి లాగాలి. వెనక చక్రం గాల్లోకి లేవాలి.

లాగాడు. బండి కాస్త వెనక్కి జరిగి మళ్లీ ముందుకే వచ్చింది.

“భుజం నొప్పిగా ఉందా?” చాంద్‌బీ గొంతు మారింది.

రజాక్ మళ్లీ లాగాడు. మెడ నరాలు ఉబ్బాయి. స్టాండు కాళ్లు నేలను గీసుకుంటూ జారిపోయాయి. బండి పక్కకు ఒరగబోతే క్రీస్తుదాసు గబుక్కున లేచాడు.

“ఎవురూ రావొద్దు!” గట్టిగా అన్నాడు రజాక్.

మరోసారి లాగాడు. మొహమంతా చెమట. చక్రం నేలను వదల్లేదు.

చాంద్‌బీ మెట్లు దిగి వచ్చి సీటు మీద చెయ్యి వేసింది.

“నేనూ పడతాను. ఇద్దరం కలిసి ఎత్తుదాం.”

“షరతు పెట్టింది నువ్వే గదా?”

“పెట్టినా. మీ మొహం ఇట్టా చూడలేకుండా ఉండాను. పట్టండి, ఎత్తుదాం.”

రజాక్ ఆమె చేతిని మెల్లగా తీసేశాడు.

“దోవలో ఆగితే ఎత్తేదానికి నువ్వొస్తావా? తేలిపోయింది గదా చాంద్. ఇందులో నీ తప్పేం లేదు. దాసూ, బండి నీదే.”

చాంద్‌బీ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఆమె ఏడుస్తోందో, ఇన్నాళ్లకు గుండెల నిండా ఊపిరి పీల్చుకుంటోందో క్రీస్తుదాసుకు అర్థం కాలేదు.

“వీధి దాటిందాకా స్టార్టు చెయ్యొద్దు. ఆ చప్పుడు ఆమె వినకూడదు” అన్నాడు రజాక్, రైలు గేటు దాకా సాగనంపడానికి వెంట నడుస్తూ.

బిట్రగుంట రైలు గేటు మూసి ఉంది. దూరంగా గూడ్సు బండి పొగ కనబడుతోంది. క్రీస్తుదాసుకు తన కొత్త బండిని తనూ ఒకసారి స్టాండు మీదకి ఎత్తి చూడాలనిపించింది. పళ్లు బిగించి లాగాడు. బండి ససేమిరా అంది.

“అబ్బా! ఎనుబోతు మాదిరి ఉండాదన్నా. ఒళ్లు బాగుండే నాకే లేవడంలేదు. నువ్వేమీ మనసులో పెట్టుకోవాకు.”

“చేతుల్తో లాగితే లేవదు దాసూ. నీ బరువంతా పాదం మీద వెయ్యాల. ఇటివ్వు” అంటూ రజాక్ హ్యాండిలు అందుకున్నాడు. పాదం మోపి, ఒక్క ఊపు ఊపాడు. వెనక చక్రం గాల్లోకి లేచింది. బుల్లెట్టు రెండు కాళ్ల మీద కదలకుండా నిలబడింది.

క్రీస్తుదాసు ఏదో అడగబోయాడు గానీ గూడ్సు బండి చప్పుడులో మాట వినబడలేదు. ఆఖరి పెట్టె దాటేదాకా ఆగాల్సి వచ్చింది.

“ఏందన్నా ఇది! ఇంటికాడ ఎందుకు లేవలేదు? పద, వెనక్కి పోదాం. నువ్వు ఎత్తినావని అక్కకు నేను చెబుతా. ఆమె మాట తప్పే మనిషి కాదు. బండి నీకే ఉంటుంది.”

గేటు పైకి లేచింది. రజాక్ బండిని ముందుకు తోసి స్టాండు మీద నుంచి దించాడు. పెట్రోలు ట్యాంకును ఒకసారి అరచేత్తో నిమిరి, హ్యాండిలు క్రీస్తుదాసు చేతుల్లో పెట్టాడు.

“ఆడ ఎత్తుంటే, చాంద్‌బీ మాట నిలబెట్టుకునేది దాసూ, నిద్దరే పొయ్యేది కాదు.”