ఏ రంగు

"ముందున్న బోయా ఏ రంగే?" చుక్కాని దగ్గర్నుంచి అడిగారు మా ఆయన.

అఖాతం చుట్టూ ఉన్న చిన్న ఊళ్లన్నీ పడవలో చూపిస్తానని నన్ను బయల్దేరదీశారు. ఇది తొమ్మిదో ఊరు. తాళ్లు లాగి లాగి అరచేతులు బొబ్బలెక్కాయి, ఒళ్లు హూనమైంది. పైగా ప్రతి రేవు దగ్గరా చంటిపిల్లకి నేర్పినట్టు ఈ రంగుల పరీక్ష ఒకటి. దారి గుర్తుగా నీళ్లలో తేలే ఎర్ర బోయాని ఎడమకీ, పచ్చదాన్ని కుడికీ వదిలి లోపలికెళ్లాలని ఈ రేవుల మధ్యే ముప్పై ఏళ్లు లాంచీ నడిపిన మనిషికి నేను చెప్పాలా?

ఎదురుగా ఉన్నది పండుమిరపకాయలా ఎర్రగా ఉంది.

"పచ్చ," అన్నాను, కావాలనే. నాలుగు తిట్టి ఇక అడగడం మానేస్తారనుకున్నాను.

తిట్టలేదు. సరేనని చుక్కాని తిప్పారు. బోయా మా కుడిపక్క నుంచి, రెండు బారల దూరంలో వెళ్లింది. ఆయన దానివైపే చూస్తున్నారు. మరుక్షణం పడవ ఇసుకమేటలో గరగరమని దిగబడింది.

"కనపడటం లేదా?" అన్నాను.

"రంగులు పోయి ఏడాదైంది. మిగతా మసకా పోయేలోపు ఈ ఊళ్లు ఇంకోసారి చూద్దామనుకున్నా. చెబితే రానివ్వవుగా."

పోటుకి నీళ్లు పెరిగి పడవ తేలింది. ఆయన అడక్కుండానే వెళ్లి ముందు కూర్చున్నాను.

"ఎరుపండీ, ఎడమకి వదలండి. గట్టు మీద నీలం తలుపుల కొట్టుంది. ముందు బల్ల మీద ఒకాయన చెప్పులు తలకింద పెట్టుకుని నిద్రపోతున్నాడు."

"బట్టతలేనా?"

"ఆఁ."

"ఇంకా ఉన్నాడన్నమాట," అన్నారు. "తర్వాత?"