ఉప్పునేల వరి

ఆ కాలంలో ఏ వస్తువు వాడినా, దాన్ని కనిపెట్టినవారి పేరు అది పైకి చెప్పి తీరాలని చట్టం ఉండేది. అందుకే భ్రమరాంబ ఇంట్లో రోజూ అన్నం ఉడకగానే కుక్కర్ పలికేది: "ఉప్పునేల వరి, కనకవల్లి గారి చలవ."

కనకవల్లి ఒకప్పుడు ఆమెతో ఒకే ల్యాబులో, ఉప్పునేలలో పండే వరి మీద పనిచేసింది. ఆ పేరు వింటే భ్రమరాంబ ఓర్చుకోలేకపోయేది. వినబడకుండా కుళాయి తిప్పేసేది.

ఒకరోజు భర్త విసుక్కున్నాడు. "అంతా ఆవిడొక్కతే చేసిందా ఏంటి? మొత్తం పేర్లు అడుగు."

అడిగింది. కుక్కర్ వరసగా చదువుతూ నలభయ్యో పేరు దగ్గరికొచ్చింది. "భ్రమరాంబ. ఈమె విత్తనాలు మొలవలేదు. ఎందుకు మొలవలేదో దాచకుండా రాసిపెట్టారు. కనకవల్లి గారికి దారి అక్కడే దొరికింది."

భ్రమరాంబ కనకవల్లికి ఫోను చేసింది. "నా పేరు నువ్వే పెట్టించావటే?"

కనకవల్లి పొడిగా జవాబిచ్చింది. "లేదే. తీయించేద్దామని మూడుసార్లు అర్జీ పెట్టాను. పేర్లు నమోదు చేసే ఆఫీసువాళ్లు ఒప్పుకోలేదు."

"అయితే ఇన్నేళ్లూ నువ్వూ నన్ను చూసి ఏడుస్తున్నావన్నమాట!" అంటూ భ్రమరాంబ పకపకా నవ్వింది.

కనకవల్లి మాత్రం నవ్వలేదు.